బొట్టు పెట్టిన టేబుల్ ఫ్యాను, మా బిడ్డ కంప్యూటరు

మా చిన్నప్పుడు... మా ఊరి బావి కాడ ఆయిల్ ఇంజను ఉండేది. అది నడుస్తుంటే మా నాయిన పక్కన కూర్చుని అరచెయ్యి ఆనించి చూసేవాడు. చెయ్యి ఓర్చుకుంటే నడవనిచ్చేవాడు... ఓర్చుకోకపోతే ఆపేవాడు. మాట మాత్రం ఉండేది కాదు. నేనూ ఆయన దగ్గర అదే నేర్చుకున్నాను... చెయ్యి ఆనించుడు, మాట్లాడకపోవుడు.

ఆ ఇంజను మళ్ళీ యాదికొచ్చింది మా బిడ్డ కంప్యూటరు దగ్గర.

అవి తొంభైల చివరి రోజులు. హఫీజ్‌పేట్ స్టేషను వెనక రెండు గదుల కిరాయి ఇల్లు మాది. మాదాపూర్ దిక్కు గుట్టలు పగలగొట్టి పెద్ద పెద్ద బిల్డింగులు లేపుతుండేవారు. నేను అక్కడ ఇనుప సలాకలు వంచే పనికి పోయేవాడిని. బిడ్డ సుజాత డిగ్రీలో కంప్యూటర్లు చదివేది.

నా భార్య లక్ష్మి ఆ ఎండాకాలం మొదట్లో పోయింది. చాన్నాళ్ళు మంచంలో ఉండి పోయింది. మంచాన పడకముందే పట్టుబట్టి బిడ్డకు ఒక పాత కంప్యూటరు ఇప్పించింది... బిడ్డకని ఆమె అడిగి ఇప్పించింది అదొక్కటే.

నాకు ఏడుపు రాలేదు. పనికి పోయేవాడిని, వచ్చేవాడిని, తినేవాడిని. కూరలో ఉప్పుందో లేదో తెలిసేది కాదు. ఒకే ఇంట్లో ఇద్దరం... మాట లేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం సుజాత పిలిచింది.

"నాయినా, జర ఇటు రా."

కంప్యూటరు డబ్బా మూత విప్పి ఉంది. కాలేజీలో చూపించాల్సిన బొమ్మల ప్రాజెక్టు దాంట్లో కదలట్లేదట. చిప్పు స్పీడు పెంచితే నడుస్తుందని దోస్తు చెప్పిందట.

"కాలిపోదా?" అన్నాను.

"ఒక్కపారే పెంచితే కాలుతది. మెల్లగ మెట్టు మెట్టు పెంచాలె, సల్లగ ఉంచాలె. వోల్టేజీ అయితే నేను ముట్టనే ముట్ట."

"కాలితే?"

సుజాత డబ్బా దిక్కు చూసింది. మీ అమ్మ ఇప్పించింది కదా అని నేను అనలేదు. ఇద్దరికీ తెలుసు.

ప్లగ్గు పీకింది. ముందు ఇనుప డబ్బాను ముట్టి, తర్వాతే లోపల చెయ్యి పెట్టింది. ఒంట్లో ఉండే కరెంటు చిప్పుకు తగలొద్దట. పచ్చటి బోర్డు మీద గోరంత ప్లాస్టిక్ టోపీ ఒకటుంటే దాన్ని పీకి, పక్కనున్న సూదుల మీద పెట్టింది. అంతే... అదే ఒక మెట్టు.

వేడి ఎంతుందో ఆ మిషన్ చెప్పదు. చిప్పు మీద దువ్వెన పళ్ళలాంటి అల్యూమినియం ముక్క ఉంటుంది. "దాని పక్కకు వేలు ఆనించి చెప్పు నాయినా... నేను ప్రాజెక్టు నడిపిస్త" అన్నది.

ఆనించాను.

"ఏం లేదు బిడ్డా. మంచిగనే ఉంది."

మళ్ళీ ప్లగ్గు పీకి ఇంకో మెట్టు. "ఏం లేదు."

ఇంకోటి. తెర మీద బొమ్మ గబగబా కదిలింది. సుజాత నవ్వబోయింది... అంతలోనే బొమ్మ ఆగిపోయింది. మౌసు కూడా కదల్లేదు.

ఆమె వంగి నా వేలు పక్కన వేలు పెట్టి, చటుక్కున తీసేసింది.

"అబ్బ! గింత కాలుతుంటే ఏం లేదంటవేంది నాయినా?"

ప్లగ్గు పీకింది. నా చెయ్యి ఇంకా అక్కడే ఉంటే తనే లాగింది. వేలి కొస ఎర్రగా ఉంది.

"తెల్వలేదు బిడ్డా." ఎండలో సలాకలు పట్టి పట్టి మొద్దుబారిన చెయ్యి మరి... "నిజంగనే తెల్వలేదు."

సుజాత నా చెయ్యి వదల్లేదు. "నాకు గూడ గట్లనే ఉంది నాయినా, అమ్మ పోయినకాంచి..." అన్నది.



తర్వాత లేచి అటక మీది టేబుల్ ఫ్యాను దించింది. లక్ష్మి మంచం పక్కన రాత్రింబగళ్ళు తిరిగిన ఫ్యాను. పోయినోళ్ళ సామాను ఇంట్లో ఉంచొద్దు, ఎవరికన్నా ఇచ్చెయ్యమన్నారు చుట్టాలు. ఇవ్వలేదు... వెయ్యనూ లేదు. దాని నడిమి బిళ్ళ మీద, దసరాకు లక్ష్మి పెట్టిన కుంకుమ బొట్టు అట్లనే ఉంది.

సుజాత దుమ్ము తుడవబోయి, బొట్టు చూసి ఆగింది.

"వెయ్యనా?"

ప్లగ్గు నేనే పెట్టాను.

ఆమె స్పీడు ఒక మెట్టు దించింది. అత్యాశ పనికిరాదట. ఫ్యాను డబ్బా దిక్కు తిప్పింది. నేను మళ్ళీ వేలు ఆనించాను.

"ఎట్లుంది?"

"సల్లగుంది బిడ్డా."

"చిప్పా?"

"కాదు... గాలి."

పొద్దుగూకేదాకా బొమ్మ ఆగలేదు. మేమిద్దరం అక్కడే కూర్చున్నాం. ఆ ఏడు దసరాకు సుజాత కంప్యూటరు డబ్బాకు బొట్టు పెట్టింది. ఫ్యానుకు పెట్టలేదు... పాతది ఉంది కదా.

ఇప్పుడు వేడెక్కితే మిషన్లే చెప్తున్నాయి, వాటంతటవే ఆగిపోతున్నాయి. చెయ్యి పెట్టి చూడమని ఎవరూ ఎవరినీ పిలవాల్సిన పని లేదు...

మీ ఇంటి మొదటి కంప్యూటరుకు ఏ ఫ్యాను గాలి తగిలిందో రాయండి. నాకు జవాబులు రాయడం అంతగా రాదు... చదువుకుంటాను.