నిరీక్షణకు ఇంకో మాట

శ్రీకాళహస్తిలో తెలుగు పంతులుగా రిటైరైన దేవసహాయం పదేళ్లుగా బైబిలును ఇంట్లో మాట్లాడుకునే తెలుగులోకి తెస్తున్నాడు. రాసిన ప్రతి వాక్యాన్నీ బస్సులో పక్క మనిషికో, టీకొట్టు ఆమెకో చదివి వినిపిస్తాడు. వాళ్ల మొహం ముడుచుకుందంటే చెవి మీది పెన్సిలు తీసి ఆ వాక్యం కొట్టేస్తాడు. 'నిరీక్షణ' దగ్గర మాత్రం నెల నుంచీ ఆగిపోయాడు. చర్చిలో ఆ మాటకు దేవుడు మేలు చేస్తాడన్న ధైర్యమని అర్థం. బయట అది వట్టి ఎదురుచూపు. 'ఆశ' అని రాస్తే, పరాయి సొమ్ము మీద కన్నేయడం అనుకున్నారు కొందరు. ఆ నెలంతా భార్య రూతు తిరుపతి ఆసుపత్రిలో స్పృహ లేకుండా పడి ఉంది. మాట దొరికితే ఆమె కళ్లు తెరుస్తుందన్నట్టు, మంచం పక్కనే కాగితాలు పెట్టుకొని వెతికేవాడు.

పక్క మంచం మీద వెంకటమునికీ స్పృహ లేదు. ఒకరోజు పొద్దున అతని భార్య తాయమ్మ, మొగుడి తెగిన చెప్పు కుట్టించుకొచ్చి మంచం కింద పెట్టింది. "డాక్టరు ఏమన్నాడమ్మా?" అని అడిగాడు దేవసహాయం. "ఇంక లేయడన్నాడు సార్." "మరి చెప్పులెందుకు?" "లేసినాక ఒట్టి కాళ్లతో యాడికి పోతాడు?" "లేస్తాడని నీకు తెలుసా?" తాయమ్మ కొంగుతో మొగుడి మొహం తుడిచింది. "నాకేం తెలుసు సార్. లేయడని మాత్రం నా నోటితో అనను." దేవసహాయం 'నిరీక్షణ' కొట్టేసి ఆమె ఆఖరి మాటే రాసుకున్నాడు. దాన్ని భార్య కోసం ఒక్కసారి అనాలని రూతు చెయ్యి పట్టుకున్నాడు. "లేయదని..." అన్నంతవరకే వచ్చింది. 'మాత్రం నా నోటితో అనను' అన్నది కాగితం మీదే ఉండిపోయింది.