సబ్బుపెట్టె పడవల శెట్టి

ధనుంజయ శెట్టికి ఒకటే పిచ్చి. తిరిగే మోటారు ఎక్కడ కనబడినా దాన్ని ఊడబెరికి నీళ్ల మీద తిప్పాల్సిందే. కర్నూలులో ఆయన ఫ్యాన్సీ దుకాణంలోని నడిచే బొమ్మలన్నీ ఎప్పుడో కూలబడ్డాయి. కోయిలకుంట్ల నుంచి వచ్చిన అల్లుడు గడ్డం గీసుకునే మిషన్ను దిండు కింద పెట్టుకుని పడుకునేవాడు.

రెండువేల నాలుగు వానాకాలంలో వంతు ఆయన భార్య అలివేలమ్మ టేపురికార్డరుకు వచ్చింది.

"ఏమండీ, దీని పొట్టలో ఏమీ లేదే. నా పాటలు యాడికి పోయినాయి?"

"యాడికి పోతాయే? నీ నోట్లోనే ఉండాయి గదా. పాడుకో."

ఆమె పాడలేదు. మూడు రోజులు మాట్లాడనూ లేదు. అది తనకు వేసిన శిక్ష అని ఆయనకు నాలుగో రోజు గాని తెలియలేదు.

మోటారేమో, అంతకుముందు వాటిలాగే, ఒక సబ్బుపెట్టెలో చేరి పడవయింది. రెండు పెన్సిల్ బ్యాటరీలు, వెనక రేకు రెక్క, దాని వెనక తాడుకు కట్టిన పాత మేజోడు. మేజోట్లో కుక్కడానికి వెంట్రుకలు క్షౌరశాల లక్ష్మన్న ఇచ్చేవాడు.

"తలకు రాసిన నూనె వెంట్రుక పట్టుకుంటాది గదా లక్ష్మన్నా. నీళ్లలో నూనె గూడా పట్టుకుంటాది."

"నీ తల మీద నాలుగే ఉండాయి శెట్టీ. అందుకే పక్కోళ్లవి అడుక్కుంటాండావు," అన్నాడు లక్ష్మన్న.

ఆ పడవలు ఎక్కడ తిరుగుతున్నాయో చూడాలని ఒక ఉదయం అలివేలమ్మ ఆయన వెనకాలే ఇంకో ఆటో ఎక్కి కల్లూరు వెళ్లింది. అక్కడ రాళ్లు తవ్వి వదిలేసిన గుంతలో వాననీళ్లు నిలిచాయి. లారీలు బాగుచేసే షెడ్ల నుంచి కారిన నూనె వాటి మీద రంగురంగుల తెరలా పరుచుకుంది. ఆ రంగుల మధ్య ఇరవై సబ్బుపెట్టెలు సన్నగా గొణుక్కుంటూ, నిద్రలో నడిచినట్టు గుండ్రంగా తిరుగుతున్నాయి. అవి పోయిన దారి వెంట తెర విడిపోయి ఆకాశం కనబడుతోంది. అలివేలమ్మ తిట్టడానికి తెరిచిన నోరు మూయడం మరిచి, ఇంకా బాగా చూడాలని నీళ్ల అంచుకు వెళ్లింది.

ఒడ్డున చాకిరేవు బండ మీద బట్టలు జాడిస్తున్న భీమమ్మ తలెత్తింది.

"శెట్టి నీ మొగుడా తల్లీ? ఆడుకునేకి ఇంకెక్కడా చోటు దొరకలేదంట పాపం. నేను ఉతికే చోటే కావాలంటాడు. సరే, ఆడుకో అప్పా అని వదిలేసినా."

అలివేలమ్మ అవతలి గట్టు మీద మేజోళ్లు పిండుతున్న భర్త దగ్గరికి వెళ్లింది.

"ఈడే ఎందుకండీ?"

ఆయన దొంగలా అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "నూనె మరకలు పడతాండాయని ఇండ్లోళ్లు భీమమ్మకు గుడ్డలు వేయడం మానేసిరి. వేరే నీళ్ల కాడికి మూటలు మోసుకొని పోవాలంటే ఆమె మోకాళ్లు సహకరించవు. ఇప్పుడిప్పుడే మళ్లీ వేస్తాండారు."

"ఆ మాట ఆమెకు చెప్పలేదా?"

"చెప్తే మొహమాటపడి రావడం మానేస్తాది. పిచ్చోణ్ణి భరిస్తాండానని అనుకుంటాండాది. అట్లనే అనుకోనీ."

అలివేలమ్మ ఒక మేజోడు అందుకుని పిండింది. చేతులు నల్లబడ్డాక కడుక్కోవడానికి బండ దగ్గరికి వచ్చింది.

"ఏం తల్లీ, ఇంటికి పిల్చుకొని పోతాండావా?" అడిగింది భీమమ్మ.

"ఇంకొన్నాళ్లు నువ్వే ఓర్చుకో భీమమ్మా. ఇంట్లో ఈయన్ని పట్టుకోవడం నాతో కాదు."

భీమమ్మ పెద్దమనసుతో తలూపి, పడవలు తిరగడానికి అడ్డం లేకుండా బట్టల మూటను ఇంకొంచెం పక్కకు జరుపుకుంది.