ఒంటె నీళ్ళు తాగింది

చొక్కాలు కుట్టే ఆ హాల్లో ఆమెను అందరూ ఒంటె అనేవారు. పొడుగ్గా ఉంటుందని కాదు. పొద్దున మిషను ముందు కూర్చుందంటే సాయంత్రం దాకా చుక్క నీళ్ళు తాగకుండా, ఒక్కసారి కూడా లేవకుండా కాలర్లు కుట్టి పడేస్తుందని. ఆ పేరు పెట్టింది సూపర్‌వైజర్. కొత్తగా చేరిన పిల్లలకు ఆమెను చూపించి, "ఒంటెను చూసి నేర్చుకోండి" అనేవాడు. ఆ మాట వింటే ఆమె ఉబ్బి తబ్బిబ్బయ్యేది. పాతికేళ్ళు నిండని పిల్ల, మెచ్చుకోలంటే ఎవరికి చేదు?

అసలు ఆ హాల్లో ఆడవాళ్ళెవరూ ఎందుకు లేవరంటే, బాత్‌రూమ్ ప్యాకింగ్ గదికి అవతల ఉంది. అక్కడికి వెళ్ళాలంటే సూపర్‌వైజర్ బల్ల పక్కన మేకుకు తగిలించిన చెక్కబిళ్ళ మెడలో వేసుకోవాలి. లైను మొత్తానికీ ఒకటే బిళ్ళ. ఒకరు వెళ్ళి వస్తే గాని ఇంకొకరికి వంతు రాదు. బిళ్ళ కోసం చెయ్యి చాపినప్పుడల్లా ఆ మహానుభావుడు తలెత్తకుండానే "మళ్ళీనా?" అనేవాడు. ఆ మాట హాలు చివర ఇస్త్రీ చేసేవాళ్ళకు కూడా వినపడేది. ఎందుకొచ్చిన గొడవ అని ఆడవాళ్ళందరూ నీళ్ళే మానేశారు.

ఈ విద్యలో ఒంటెకు గురువు, జేబులు కుట్టే పెద్దక్క. అందరికంటే పాత మనిషి, అందుకే హాల్లో అందరికీ పెద్దక్కే. "నోరెండితే పెదాలు తడుపుకో, మింగకు. కొన్నాళ్ళు ఓర్చుకుంటే ఒళ్ళే అలవాటు పడుతుంది" అని మొదటి రోజే చెప్పింది. తర్వాత ఒంటె తన చెల్లెల్ని తెచ్చి కాజాలు కుట్టే మిషను మీద చేర్పించినప్పుడు ఆ విద్యే పొల్లుపోకుండా ఒప్పజెప్పింది. పొద్దున టీ కూడా సగం గ్లాసే పోసేది.

మూత్రంలో మంట అందరికీ పుట్టేది. దానికి ఆ హాల్లో ఒకటే పేరు: వేడి చేసింది. మంట పుట్టినా వేడి చేసిందే, నడుం లాగినా వేడి చేసిందే, సాయంత్రానికి చలితో వణికినా వేడి చేసిందే. రేకుల కప్పు కింద కూర్చుంటే వేడి చెయ్యక చలవ చేస్తుందా అని నవ్వుకునేవారు. నవ్వుకుని మళ్ళీ మిషను తొక్కేవారు.

ఒకనాడు ఒంటె కాలరు తిప్పుతూ తిప్పుతూ మిషను మీదే ఒరిగిపోయింది. ఒళ్ళు పెనంలా కాలుతోంది. చెల్లెలు ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

"వేడి చేసిందండి, అదే తగ్గిపోతుంది" అంది ఒంటె డాక్టరమ్మతో.

"వేడి కాదమ్మా. మూత్రంలో ఇన్ఫెక్షన్. అది పాకి పాకి కిడ్నీ దాకా ఎక్కింది. నీళ్ళు బాగా తాగుతావా?"

"పనిలో ఉండగా తాగనండి. నాకసలు అవసరమే రాదు." ఆ మంచం మీద పడుకుని కూడా ఆ మాట గర్వంగానే చెప్పింది, పిచ్చి పిల్ల.

"ఎవరు నేర్పారమ్మా నీకీ బుద్ధి?"

పక్కన నిలబడ్డ చెల్లెలు, "నాకైతే అక్కే నేర్పిందండి" అంది అమాయకంగా.

ఒంటె తల తిప్పి చెల్లెలి ముఖం చూసింది. పెదాలు బీటలు వారి ఉన్నాయి. "నీక్కూడా మంటగా ఉంటోందా?" అని అడిగితే ఆ పిల్ల నేల చూపులు చూసింది. అప్పుడు కలిగింది ఒంటెకు సిగ్గు. చేతికి సెలైన్ ఎక్కుతున్నంతసేపూ తనను తాను తిట్టుకుంది. తిట్టి తిట్టి అలిసిపోయాక, ఆ తిట్లన్నీ పడాల్సిన చోటు వేరే ఉందని తట్టింది. ఇక కోపం ఆగలేదు.

జ్వరం తగ్గి పనిలోకి వచ్చిన రోజు మిషను పక్కన పెద్ద నీళ్ళ సీసా పెట్టుకుంది. అందరూ చూస్తుండగా గటగటా తాగింది. కాసేపటికి లేచి, మేకు వైపు కన్నెత్తి కూడా చూడకుండా నడిచింది.

"బిళ్ళ ఏది?" అన్నాడు సూపర్‌వైజర్.

"అక్కర్లేదు సార్."

"నిన్నటిదాకా లేని షోకులు ఇప్పుడేంటి?"

"నిన్నటిదాకా బుద్ధి లేదు సార్. ఇప్పుడొచ్చింది."

వెళ్ళింది, వచ్చింది, మధ్యాహ్నం మళ్ళీ వెళ్ళింది. ఇదేదో చూసి అందరూ చప్పట్లు కొట్టారనుకునేరు. కాలరు ఆగితే ఆ వెనక చొక్కా కదలదు. పని వెనకబడిందని తిట్లు లైనంతా తిన్నారు. "దీని రోగం మన నెత్తికి చుట్టుకుంది" అని గొణుక్కున్నారు. పెద్దక్క అన్నాల దగ్గర పక్కకు జరిగి కూర్చుంది. "ఇద్దరి ఉద్యోగాలూ పోతాయక్కా" అని చెల్లెలు ఏడ్చింది. ఒంటెకు ప్రాణం చివుక్కుమంది. అయినా సీసా తీసి దాచలేదు.

సూపర్‌వైజర్ ఆమెను దారాలు కత్తిరించే బల్ల దగ్గరకు పంపి, కాలర్ల మీద ఇంకో అమ్మాయిని కూర్చోబెట్టాడు. ఆ కాలర్లకు ఒక మొన నిక్కి, ఇంకో మొన కుక్క చెవిలా వాలి, సరుకు మొత్తం వెనక్కి వచ్చింది, ఆ అమ్మాయిని కాలర్ల మీంచి లేపేశారు. అప్పుడు మేనేజర్ ఒంటెను పైనున్న అద్దాల గదిలోకి పిలిచాడు. కుర్చీ చూపించాడు. కొత్తగా రంగు వేసిన బిళ్ళ ఒకటి బల్ల మీద పెట్టాడు.

"ఇది నీ ఒక్కదానికేనమ్మా. ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్ళు, ఎవ్వరూ అడగరు. మిగతావాళ్ళ దగ్గర మాత్రం ఈ గోల పెట్టకు."

ఒంటెకు ఆశ పుట్టలేదంటే అబద్ధం. చెయ్యి కాస్త ముందుకు జరిగింది కూడా.

"మరి మా చెల్లికి?"

"చెల్లి సంగతి తర్వాత చూద్దాం."

"మా లైనుకి?"

"అందరూ తోచినప్పుడల్లా లేచిపోతే ఫ్యాక్టరీ నడుస్తుందా?"

"నన్ను ఆసుపత్రిలో పడేసినప్పుడు నడిచింది కదా సార్. ఇప్పుడూ నడుస్తుంది." చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఇది మీ దగ్గరే ఉంచుకోండి. కింద ఆ మేకు పీకేదాకా నేను కాలరు ముట్టను."

"ఉద్యోగం పోతుంది, తెలుసా?"

"తెలుసు సార్" అని లేచి వచ్చేసింది.

కాలర్లు లేక సగం లైను ఖాళీగా కూర్చుని ఉంది. ఆమె నేరుగా తన పాత మిషను దగ్గరకు వెళ్ళి, స్విచ్ వెయ్యకుండా, చేతులు కట్టుకుని కూర్చుంది. పైన జరిగింది అడిగినవాళ్ళకు చెప్పింది.

"నీకిస్తానన్నది తీసుకోకపోయావా? నీ ప్రాణమైనా సుఖపడేది" అంది పెద్దక్క.

"నాకొక్కదానికేనా పెద్దక్కా వచ్చేది? నీకు రాదా?"

ఎవరో కిసుక్కుమన్నారు. పెద్దక్క నవ్వలేదు. చేతిలో జేబు గుడ్డను మడుస్తూ, విప్పుతూ కూర్చుంది.

ఒంటె సీసా చెల్లెలి చేతిలో పెట్టి, "తాగు" అంది. ఆ పిల్ల సూపర్‌వైజర్ వైపు చూసింది. ఆయన చూస్తూనే ఉన్నాడు. సగం తాగి ఆపబోయింది.

"మొత్తం" అంది అక్క.

చెల్లెలు మొత్తం తాగింది. అప్పుడు పెద్దక్క చెయ్యి చాపింది. "ఇటివ్వు."

"అయిపోయింది పెద్దక్కా."

"అయితే నింపుకొస్తాను."

నడుం పట్టుకుని లేచి, ఖాళీ సీసాతో సూపర్‌వైజర్ బల్ల ముందు నుంచే నడిచింది. ఆయన నోరు తెరిచేలోపే, "నీళ్ళకి వెళ్తున్నాను బాబూ" అంది హాలంతా వినపడేలా. "కాస్త ఆలస్యమవుద్ది. బాత్‌రూమ్‌కి కూడా వెళ్ళొస్తాను."