బకెట్ మీద గీత

ఫిల్మ్ నగర్‌లో కొండ దిగువ సందు మాది. ఇంటి కింది సెల్లారే మా దుకాణం. సినిమాలకు పట్టుచీరలు, షేర్వానీలు అద్దెకిస్తాం. వానాకాలంలో ఒక్కసారైనా కొండ మీది నీళ్ళు సెల్లార్లోకి దిగుతాయి. దానికి మావారి దగ్గరొక సూత్రముంది: డాబా మీది బకెట్ వానకి సగం నిండితే సెల్లార్లోకి నీళ్ళొస్తాయి, నిండకపోతే రావు. ఎందుకని అడిగితే, "ఇన్నేండ్ల సంది గంతే" అంటారు. ఒప్పుకోవాలి, ఎప్పుడూ తప్పలేదు.

అయితే ఈ వేసవిలో కొండ మీద మా ఇంటికి ఎగువనున్న ఖాళీ స్థలంలో పొదలు కొట్టేసి, పార్కింగ్ కోసం మొత్తం సిమెంటు చేశారు. నేను చదివింది ఫిజిక్సు. ఊరుకుంటానా? ఓ చెంబెడు నీళ్ళు పక్కనున్న మట్టిలో పోశాను, నేల తాగేసింది. ఇంకో చెంబెడు సిమెంటు మీద పోస్తే, నా చెప్పులు దాటుకుని మా సందులోకి పరిగెత్తాయి. నేనూ వాటి వెనకే పరిగెత్తాను.

"మీ బకెట్‌కి కాలం చెల్లిందండీ."

"నీ చెంబు శాస్త్రం నీ కాడనే పెట్టుకో."

తర్వాత ఓ మధ్యాహ్నం వాన పట్టుకుంది. మర్నాడే ఒక పెళ్ళి సీను షూటింగు. దానికి పంపాల్సిన చీరలన్నీ కిందే ఉన్నాయి. నేను మోయడం మొదలుపెట్టాను.

"జర ఆగు. బకెట్ల పావు గూడ లేదు."

"పైన సిమెంటేశారని బకెట్‌కి తెలుసా?"

ఆయన వానకేసి చూసి, ఓ కట్ట ఎత్తుకున్నారు. నేను సందులోంచి సెల్లార్లోకి దిగే ర్యాంపు వైపు చీరలు తీస్తున్నాను; వాలు అటే కదా. ఆయన మాత్రం వెనక గోడ దగ్గరున్నవి పట్టుకున్నారు.

"ముందుగాల గీడికెల్లే వస్తయి నీళ్ళు."

"నీళ్ళు వాలు మాట వింటాయి, మీ మాట కాదు."

చివరి కట్ట మెట్లెక్కేసరికి నీళ్ళొచ్చాయి. నేననుకున్నట్టే సగం నిండకముందే, పావు బకెట్‌కే. ఆయనన్నట్టు వెనక గోడ పగుల్లోంచే. కొండ రాళ్ళ సందుల్లో నీళ్ళు ఏ దారిన నడుస్తాయో నా చెంబు చూపించలేదు మరి. పాదాలు తడుస్తున్నా నేను చప్పట్లు కొట్టాను. ఒక్క చీర అంచూ తడవలేదు.

వాన వెలిశాక చీరలు వ్యానెక్కాయి. ఆయన బకెట్ మీద పావు దగ్గర కొత్త గీత గీస్తున్నారు.

"ఇగ గిదే లెక్క."

"ఆ పక్క స్థలం కూడా సిమెంటు చేస్తే?"

గీత మధ్యలో ఆగింది.

"అప్పుడు నీ చెంబు తీస్కరా."

నిన్న ఆ పక్క స్థలంలో జేసీబీ దిగింది. చెంబు తోమి పెట్టుకున్నాను.