తొలి కాన్పు పుట్టింట్లోనే

ఐర్లండ్‌లోని లిమరిక్‌లో మా పక్కింటి మార్గరెట్ గారికి ఎనభై దాటాయి. వాళ్ల పూర్వీకులు జర్మనీ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారట. కళ్లు మూసేలోగా దానికి ఆధారం చూడాలని ఆవిడ కోరిక. పోయిన చలికాలం ఆ పని నేను పట్టుకున్నాను.

పాత జనాభా లెక్కల్లో ఆవిడ తాతగారు దొరికారు కానీ, పుట్టిన చోటు దగ్గర జిల్లా పేరే ఉంది. ఆయన సొంతూరి చర్చి రిజిస్టర్లో బాప్తిస్మం వివరం లేదు. మూడు శనివారాలు వెతికాం. "ఇక చాల్లేమ్మా, ఐ యామ్ గ్రాండ్, నాకేం ఫర్వాలేదు," అన్నారావిడ. నేను ఒప్పుకోలేదు.

"ఆయన పెద్దకొడుకే కదా, వాళ్లమ్మది ఏ ఊరు?" అనడిగాను. తాతగారి అమ్మానాన్నల పెళ్లి రికార్డులో ఆ ఊరి పేరుంది. రిజిస్టర్లు చూపించే పెద్దాయన నవ్వి, "ఇక్కడ ఎవరి ఊరి చర్చికి వాళ్లే వెళ్తారు," అన్నాడు. "తొలి కాన్పుకి ఆడపిల్ల ఎక్కడికెళ్తుందో నాకు తెలుసండీ," అని కారు అటు తిప్పాను.

అక్కడి చర్చి రిజిస్టర్లో బిడ్డ పేరు పక్కనే, సాక్షులుగా ఆ బిడ్డ అమ్మమ్మ తాతల జర్మన్ పేర్లు. "పుట్టింటికే వెళ్లింది" అని తెలుగులో గట్టిగా అరిచేశాను. ప్రార్థన చేసుకుంటున్నవాళ్లంతా వెనక్కి తిరిగారు. సిగ్గుతో తల దించుకున్నాను. మార్గరెట్ గారు మాత్రం ఆ పేజీ మీంచి చెయ్యి తియ్యలేదు.

"నీకెలా తట్టింది?" అనడిగారు తిరిగొచ్చేటప్పుడు.

నా తొలి కాన్పుకి మా అమ్మకి వీసా రాలేదు. ఆస్పత్రి నుంచి బిడ్డతో నేను వెళ్లింది ఈవిడ ఇంటికే.

"నేను మీ ఇంటికి రాలేదూ?" అన్నాను.