ఐదో గ్లాసుకు సున్నా

కోదాడామె క్రిస్మస్‌కి ఇచ్చిన వైన్ సీసా ఎనిమిది నెలలు మా వంటింట్లో బియ్యం డ్రమ్ము వెనక ఉండిపోయింది. నేను మూత తీయలేదు. మర్చిపోయి కాదు, ఓర్వలేక. ఆమె చేత్తో చేసింది నా నాలుకకు తగలకూడదని పంతం పట్టాను. యాభై మూడేళ్లున్న లెక్కల టీచర్ని, ఇట్లాంటివి చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. కానీ జరిగింది అదే.

మేం ముగ్గురం ఒకరినొకరం ఊరి పేర్లతోనే పిలుచుకుంటాం. పదో తరగతి పేపర్లు దిద్దే స్పాట్ వాల్యుయేషన్‌లో అలవాటైంది, అక్కడ అందరూ ఒకరినొకరు ముందు అడిగేది ఏ ఊరనే. నేను సూర్యాపేట. మిర్యాలగూడామె నాతో బీఈడీ చదివింది. హాస్టల్లో ఇద్దరికీ ఒకటే పచ్చడి సీసా, ఒకటే గొడుగు. నా పెళ్లిచూపులకు నాకంటే ముందు ఆమే తయారై కూర్చుంది. కోదాడామె చాలా తర్వాత, స్పాట్‌లో పరిచయమైంది. మధ్యాహ్నం భోజనాలప్పుడు తన టిఫిన్ డబ్బా పట్టుకుని మా బెంచీ మీదికి జరిగి కూర్చుంది. అప్పుడు నాకేం బాధ లేదు. మనిషి మంచిది. అదే వచ్చిన చిక్కు. చెడ్డదైతే నాలుగు తిట్టుకుని ఊరుకునేదాన్ని.

రెండేళ్ల కింద బదిలీల్లో కోదాడామెకు త్రిపురారం దగ్గర బడి పడింది. రోజూ కోదాడ నుంచి తిరగడం కుదరదు కదా, మిర్యాలగూడామె ఇంట్లో పై పోర్షన్ కిరాయికి తీసుకుంది. శనివారం సాయంత్రం కోదాడ పోతుంది, సోమవారం పొద్దున వచ్చేస్తుంది. నా కడుపుమంట ఆ సోమవారం నుంచే మొదలైంది.

అంతకుముందు బడి నుంచి రాగానే మిర్యాలగూడామె, నేను ఫోన్లో కూర్చునేవాళ్లం. హెడ్మాస్టర్ మీద చాడీలు, మొగుళ్ల మీద చాడీలు, ఏ కూర వండాలన్న చర్చ. ఇప్పుడు ఫోన్ ఎత్తితే వెనక ఇంకో గొంతు. "ఆగవే, ఇది ఉల్లిగడ్డలు కోసుకుంట ఏడుస్తున్నది," అని మిర్యాలగూడామె పకపకా నవ్వేది. ఏ సంగతైనా ముందు పై పోర్షన్‌కి చేరేది. నా దాకా వచ్చేసరికి చల్లారిపోయేది. ఒకసారి ఇద్దరూ ఒకే రంగు నేత చీరలు కట్టుకుని దిగిన ఫోటో పెట్టారు. మా ఆయన చూసి, అక్కాచెల్లెళ్ల లెక్క ఉన్నారన్నాడు. ఆ పూట ఆయన కూరలో కారం కొంచెం ఎక్కువే పడింది.

క్రిస్మస్‌కి ఇద్దరూ కలిసే మా ఇంటికి వచ్చారు. కోదాడామె ఏటా ఇంట్లో ద్రాక్ష వైన్ చేస్తుంది. నల్ల ద్రాక్ష, చక్కెర, దాల్చినచెక్క వేసి జాడీలో పులియబెడుతుంది. సీసా నా చేతిలో పెట్టి, "ఇది నీకోసమే..." అని ఏదో చెప్పబోయింది. సరే సరే, అక్కడ పెట్టు అని చాయ్ పెట్టే వంకతో లేచిపోయాను. జనవరిలో ఫోన్ చేసి, ఎలా ఉందే అని అడిగింది. "బాగుంది, మంచి తీపిగా ఉంది," అన్నాను. అవతల కాసేపు మాట లేదు. సిగ్నల్ అనుకున్నాను. "సంతోషం," అని పెట్టేసింది. ఏప్రిల్లో స్పాట్‌లో కలిసినప్పుడు మళ్లీ అడిగింది. ఎప్పుడో ఖాళీ చేశామన్నాను. ఒక అబద్ధం చెప్పాక రెండోదానికి పెద్దగా కష్టపడక్కర్లేదు.

ఆగస్టులో మా ఆడబిడ్డ కొడుకు వచ్చాడు. వాడు ఓడల మీద వంటపని చేస్తాడు. పోర్చుగల్ రేవులో ఓడ ఆగినప్పుడు కొన్నానని మూడు చిన్న పోర్ట్ వైన్ సీసాలు తెచ్చాడు. ఎర్రగా ఉన్నది రూబీ, పీపాలో ఏళ్లతరబడి నిలవుంచింది టానీ, ఇంకోటి తెల్లది. ద్రాక్షరసం పులుస్తుండగానే మధ్యలో బ్రాందీ పోసి ఆపేస్తారట, అందుకే తీపి మిగిలిపోతుందట. మాకు తెలిసిన పోర్ట్ వైన్‌షాపులో దొరికే గోవా సీసా ఒక్కటే. ఆడవాళ్లు తాగినా ఎవరూ ఏమీ అనుకోరని దానికి పేరు. అదీ ఒకటి మా ఆయనతో తెప్పించాను. అప్పటికి నా బుర్రలో పథకం తయారైంది.

పేర్లు చెప్పకుండా పోసి, రుచి చూసి మార్కులు వేయించడం. మాకు కొత్తేముంది, స్పాట్‌లో చేసేది అదే. పిల్లల పేరూ ఊరూ కనబడకుండా పేపర్ల మీద కోడ్ నంబరు వేస్తారు, ఎవరిదో తెలియకుండా దిద్దుతాం. ఇక్కడ చీఫ్ ఎగ్జామినర్ని నేనే. రంగు కనిపెట్టకుండా స్టీలు గ్లాసులు పెట్టాను. గ్లాసుకొకటి రంగురంగుల బొట్టు స్టిక్కర్లు అంటించాను. ఏ రంగు ఏ సీసానో రాసిన కాగితం నా జాకెట్లో దోపుకున్నాను. వాళ్లకు ఐదూ బయటినుంచి కొన్నవే అని చెప్పాను. ఐదోది, ఆకుపచ్చ బొట్టుది, బియ్యం డ్రమ్ము వెనక సీసా.

నా ఉద్దేశం దాచుకోను. పోర్చుగల్ సరుకు పక్కన కోదాడామె జాడీ సరుకు తేలిపోవాలి. అది మిర్యాలగూడామె నోటితోనే రావాలి. కోదాడామె చేత కూడా తన వైన్‌కి తక్కువ మార్కులు వేయించి, అప్పుడు సీసా తెచ్చి బల్ల మీద పెట్టాలి. సరదాకి చేశానంటే ఎవరేమంటారు.

ఆదివారం మధ్యాహ్నానికి పిలిచాను. మా ఆయన్ని హాలియాలో వాళ్ల తమ్ముడింటికి పంపేశాను. ఇద్దరూ ఒకే కారులో దిగారు. కలిసి రావాలని కోదాడామె ఆ వారం సొంతింటికే పోలేదట. అది విన్నాక నా చేతిలోని పళ్లెం కొంచెం గట్టిగానే బల్లను తాకింది. మిర్యాలగూడామె బాదుషాలు తెచ్చింది. కోదాడామె కీరదోసకాయలు, ఉడకబెట్టిన శనగలు తెచ్చింది. చుట్టాలింటికి దోసకాయలు పట్టుకొచ్చే మనిషిని ఏమనాలి?

"మాత్ర వేసుకున్నావా? అన్నీ తీపివే కదా, నువ్వు చుక్కచుక్కే తాగు," అంది కోదాడామె చెప్పులు విప్పుతూనే. కిందటి దసరా ముందు నాకు షుగర్ ఉన్నట్టు తేలింది. మిర్యాలగూడామెకు ఆ సంగతి గుర్తే ఉండదు, ఈమె మర్చిపోనివ్వదు. నా దవాఖాన సంగతులు ఈమెకెందుకని లోపల గొణుక్కున్నాను.

కూర్చున్నాం. ఎర్ర పెన్నులు, చీటీలు పంచాను. గ్లాసుకూ గ్లాసుకూ మధ్య నోరు కడుక్కోవడానికి నీళ్లు, నాలుగు మరమరాలు. మిర్యాలగూడామె మొదటి గ్లాసు ఒక్క గుటకలో ఖతం చేసి, "జర ఐస్ లేదానే?" అంది. వాసన చూడాలని చెబితే ముక్కు మొత్తం గ్లాసులో పెట్టింది. టానీని పల్లీపట్టీ లెక్క ఉన్నదని పదికి తొమ్మిది వేసింది. గోవాదాన్ని దగ్గు మందంది. కోదాడామె ప్రతిదాన్నీ నాలుక మీద కాసేపు ఉంచుకుని, రూబీలో నేరేడుపండు, తెల్లదాంట్లో తేనె ఉన్నాయని చెప్పింది. రెండూ నిజమే. అందుకూ ఒళ్లు మండింది.

ఐదో గ్లాసు వచ్చింది. నేను పెదవులకు ఆనించినట్టు నటించి దించేశాను. నా చీటీ మీద ఆకుపచ్చ బొట్టుకు ఎదురుగా సున్నా ముందే వేసి ఉంచాను. స్పాట్‌లో చదవకుండా మార్కులు వేస్తే మెమో ఇస్తారు.

మిర్యాలగూడామె మొహం వికారంగా పెట్టింది. "ఏందే గిది, గింత పుల్లగున్నది? దీనికన్న చింతపండు చారు నయం. రెండేస్తున్న, అది గూడ జాలిపడి."

నాకు ప్రాణం లేచొచ్చింది. నవ్వు ఆపుకుంటూ కోదాడామె వైపు చూశాను. ఆమె ఒక గుటక తాగింది. ఇంకో గుటక తాగింది. నా వైపు చూసి, ఏమీ రాయకుండా పెన్నుకు మూత పెట్టింది.

"చీటీ ఖాళీ వదిలావేంటి?" అన్నాను.

"సొంత బడి పేపర్లు మనం దిద్దం కదే," అంది.

మిర్యాలగూడామెకు అర్థం కాలేదు. "సొంతదేంది?"

"ఇది నేను చేసింది."

"నువ్ చేసింది తియ్యగుంటది. డిసెంబర్ల నేను తాగలేదా?"

"మీ అందరికీ ఇచ్చింది పెద్ద జాడీలోది. దీనికి షుగర్ కదా, చక్కెర బాగా తగ్గించి చిన్న జాడీలో విడిగా పెట్టా. ఒక్క సీసానే వచ్చింది." తర్వాత నా వైపు తిరిగింది. "ఎండలకి ఇంకొంచెం పులిసినట్టుంది. అప్పుడే తాగుంటే బాగుండేది."

"తాగాను, కొంచెం మిగిలితే..." అని మొదలుపెట్టాను.

"జనవరిలో ఫోన్లో మంచి తీపిగా ఉందన్నావు. అందులో తీపెక్కడిదే? నువ్వు మూత తీయలేదని ఆ రోజే తెలిసింది నాకు," అంది. గొంతులో కోపం లేదు. పప్పులో ఉప్పు తగ్గిందని చెప్పినట్టు చెప్పింది.

ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారని పిల్లలకు ఎన్నిసార్లు చెప్పి ఉంటానో. మూత తీయలేదని తెలిసి కూడా ఏప్రిల్లో ఎలా ఉందని మళ్లీ ఎందుకు అడిగిందో అప్పుడు అర్థమైంది. తాగమని గుర్తు చేసింది. నేనేమో ఖాళీ చేశామన్నాను.

ఈలోపు మిర్యాలగూడామె నా చీటీ లాక్కుంది. సున్నా చూసింది. నా ఐదో గ్లాసు వంచి చూసింది. "గ్లాసు నిండుగనే ఉన్నది కదనే. తాగకుంటనే సున్నా ఎట్లేసినవ్?"

ఆమె చీటీ కింద పెట్టి, బాదుషాల డబ్బా మూత తీసి, మళ్లీ మూసింది. కోదాడామె వైపు చూడకుండా, "అయితే నాకు అందరికి పోసినట్టే పోసిచ్చినవన్నట్టు. రోజూ నా ఇంట్ల తింటవ్, దీనికేమో సపరేట్ జాడీ," అంది.

ఆ గొంతు నాకు కొత్త కాదు. రెండేళ్లుగా నా కడుపులో కూర్చుని మాట్లాడుతున్న గొంతు అదే. ముప్పై ఏళ్ల స్నేహితురాలి నోట అది వింటే సిగ్గుపడాలి. నాకు మాత్రం సంతోషం వేసింది. కాసేపే అయినా, బాగా వేసింది. ఈ జన్మకు నేను బాగుపడను.

కోదాడామె మాత్రం ఏ గొంతూ విననట్టు, ఒక కీరదోసకాయ ముక్కకు ఉప్పు అద్ది నా పళ్లెంలో పెట్టింది. అప్పుడు ఐదో గ్లాసు అందుకున్నాను. ఇద్దరూ చూస్తుండగా సగం తాగాను. నాలుక జివ్వుమంది.

"ఎలా ఉందే?" అంది కోదాడామె. ఇది మూడోసారి అడగడం.

"పుల్లగా ఉంది. కొంచెం వగరు కూడా," అన్నాను.

"హమ్మయ్య," అంది. "ఇప్పుడు తాగావు."