ఎనిమిదో నంబరు బూట్లు

నా కోపం వల్ల చెడిన పనులు చాలానే ఉన్నాయి. వాటిలో నా రెండు కాళ్లనూ, పరువునూ ఒకేసారి ముంచిన పని ఒకటుంది. ఐదేళ్లయినా తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. మీరు నవ్వుకోండి, నాకేం ఫరవాలేదు. నా భార్య స్వరూప ఈ ఐదేళ్లుగా నవ్వుతూనే ఉంది.

అప్పుడు నేను హాలియాలో ఒక ఎరువుల దుకాణంలో పనిచేసేవాణ్ని. స్వరూప అన్న మల్లయ్య కోస్గి దగ్గర గొర్రెలు కాస్తాడు. ఏటా ఎండాకాలంలో నల్లమల లోయలో ఉన్న శివుడి దగ్గరికి నడిచి వెళ్తాడు. "ఈసారి నువ్వు గూడ రా బావా. కానీ రాళ్ల దారి, నీతోని అయితదా?" అన్నాడు. ఆ చివరి మాట నాకు గిట్టలేదు. అతనికంటే ముందే దిగి చూపించాలని, కొండదారిలో వేసుకునే బూట్ల కోసం మర్నాడే నల్గొండ బస్సెక్కాను.

దుకాణంలో కళ్లద్దాల పెద్దమనిషి ఒకాయన చాలా ఓపికగా చెప్పాడు. దిగేటప్పుడు కాలు ముందుకు జారుతుందట, అందుకని వేళ్ల ముందు కాస్త జాగా ఉండాలట. మందపాటి సాక్సులతో వేసి చూడాలట. కొన్నాక వారం రోజులు ఇంట్లోనే తొడుక్కుని తిరగాలట. ఏడాది వయసు నుంచి నడుస్తున్నవాడికి నడక పాఠాలా అని నాకు మండింది. అరలో ఉన్న ఎనిమిదో నంబరు జత వేసి చూస్తే దిండు మీద కాలు పెట్టినట్టుంది. అలాంటివే ఇమ్మంటే లోపలి నుంచి కొత్త పెట్టె తెచ్చి విప్పబోయాడు.

"విప్పకు. పది మంది చేతులు వడ్డది నాకొద్దు," అన్నాను.

ఇంట్లో ఒక్కసారీ తొడగలేదు, బండల మీద అరిగిపోతాయని. వేసి చూడమని స్వరూప రెండుసార్లు చెప్పింది. నా మొహం చూసి మూడోసారి చెప్పలేదు.

అడవి అంచున జీపు దిగాక పెట్టె విప్పాను. కాలు దూరడమే కష్టమైంది. కొత్తవి కదా, సాగుతాయిలే అని లేసులు బిగించాను. దిగుడు మొదలయ్యాక అడుగడుగునా ఎవరో నా వేళ్లను తలుపు సందులో పెట్టి నొక్కుతున్నట్టుంది. మొదట రాళ్లను తిట్టాను. తర్వాత ఎండను, ఆ తర్వాత అక్కడ మెట్లు కట్టనివాళ్లను. మల్లయ్య పాత టైరు చెప్పులతో పెళ్లికి పోతున్నట్టు ముందు నడుస్తుంటే అతణ్నీ తిట్టాను, లోలోపల. డెబ్బై ఏళ్ల అవ్వ ఒకామె నన్ను దాటబోతూ ఆగి, "బిడ్డా, జర నా చెయ్యి పట్టుకో," అంది. ఆమె మీదా కోపమొచ్చింది. అయినా పట్టుకున్నాను.

సగం దారిలో మల్లయ్య తన చెప్పులు విప్పి నాకిచ్చాడు. నా బూట్లను గొర్రెపిల్లల్లా మెడలో వేసుకుని, ఒట్టి కాళ్లతో దేవుడి దాకా మోశాడు. దేవుణ్ని నేను కోరింది ఒక్కటే, ఆ చెప్పుల దుకాణం మూతపడాలని.

ఇల్లు చేరేసరికి రెండు బొటనవేళ్ల గోళ్లూ నేరేడుపండ్లలా నల్లబడ్డాయి. అలా కుంటుతూనే స్వరూపను వెంటబెట్టుకుని ఆ దుకాణానికి వెళ్లాను. గిరాకీ బాగా ఉన్న వేళ. బూట్లను బల్ల మీద వేసి కొట్టి, పెట్టె మీద ఎనిమిది రాసి లోపల ఆరు పెట్టి అమ్ముతున్నారని బజారంతా వినేలా అరిచాను. పెద్దమనిషి ఒక బూటులోకి చెయ్యి పెట్టాడు. కొసదాకా పోనిచ్చి, గుప్పెడు ఉండచుట్టిన కాగితం బయటికి లాగాడు. నా వేళ్ల పోట్లకు అది రాయిలా బిగిసిపోయింది. రెండో బూటులోనూ అంతే.

"షేపు పోకుండ కంపెనీవోళ్లు కుక్కుతరు సార్," అన్నాడు మెల్లగా. "తీసినంకనే తొడగాలె."

దుకాణంలో ఒక్కరూ నవ్వలేదు. అందరూ తలలు వంచుకుని, ఉన్నవీ లేనివీ లేసులు కట్టుకోవడం మొదలుపెట్టారు. నాకు అదే ఎక్కువ మండింది. స్వరూప మాత్రం, "ఆ కాయితాలు ఇటియ్యన్నా, మా అన్నకు సూపెట్టాలె," అని అడిగి సంచిలో వేసుకుంది.

కాబట్టి మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ బూటులోనైనా ముందు చెయ్యి పెడతాను, ఆ తర్వాతే కాలు. నోరు మాత్రం అన్నిటికన్నా చివర తెరుస్తాను, అదీ స్వరూప పక్కన లేనప్పుడు.